పడావు పడ్డ గూడ్స్ యార్డులో కొత్త పేట కడితే మొదటి పని ఏది?

శివనగర్_వాసి · శనివారం, రాత్రి 9:12

మాది వరంగల్ శివనగర్. ఇల్లు పట్టాలకు ఇవతల, బడి అవతల. అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే ఆ రోజుకు బడి లేనట్టే. తోటి పిల్లలు పట్టాల మీంచే దాటిపోయేవాళ్లు. మా అమ్మ మాత్రం నాతో ఒట్టు వేయించుకుంది. అందుకే రైల్వే స్థలం అంటే చాలామందికి ఎకరాలు కనిపిస్తాయేమో గానీ, నాకు ఊరికి అడ్డంగా ఉన్న గోడ కనిపిస్తుంది.

ఉద్యోగం మీద మూడేళ్లు లండన్‌లో ఉన్నాను. రోజూ కింగ్స్ క్రాస్ మీదుగానే ఆఫీసుకు పోయేవాణ్ని. ఇప్పుడున్న ఆ పేట ఒకప్పుడు గూడ్స్ యార్డు, మొత్తం 67 ఎకరాలు. 1852లో కట్టిన ధాన్యపు గిడ్డంగి ఇంకా అట్లాగే నిలబడి ఉంది. గోధుమలు రైల్లో వచ్చి అక్కడ దిగేవి, ముందున్న కాలువలో పడవలకెక్కేవి. పక్కనే బొగ్గు షెడ్లు. వ్యాగన్లు పైఅంతస్తులో పట్టాల మీద ఆగితే, అడుగు తలుపులు తీసి బొగ్గును కిందికి, బండ్లకు ఎత్తుకునేందుకు, దించేవాళ్లు. తర్వాత సరుకంతా లారీలకు మళ్లి యార్డు పడావు పడింది.

2011 నుంచి ఆ గిడ్డంగిలో ఆర్ట్ కాలేజీ నడుస్తోంది. బొగ్గు షెడ్లు 2018లో దుకాణాలయ్యాయి. పడవలు ఆగిన చోటును చదును చేసి పెద్ద మైదానంగా మార్చారు. అక్కడ నేలలోంచి 1,080 నీటి ధారలు లేస్తాయి. ఎండాకాలం సాయంత్రాలు చుట్టుపక్కల బీద ఇళ్ల పిల్లలు వచ్చి తడిసిపోతుంటే, తల్లులు మెట్ల మీద తువ్వాళ్లు పట్టుకుని కూర్చుంటారు. నాకు ఆ పేటలో అన్నిటికంటే నచ్చిన దృశ్యం అదే. ఇంకో సంగతి గమనించాను. ఆ మైదానం 2012లోనే జనానికి తెరిచారు. అప్పటికి చుట్టూ చాలా భవనాలు లేవనే లేదు.

మన దగ్గర కూడా ఊళ్ల నడుమ ఉన్న గూడ్స్ షెడ్ల పని మెల్లగా ఊరి బయటికి జరుగుతోంది. ఖాళీ అయిన చోట కొత్త పేట వస్తే మొదటి పని ఏది కావాలి? పట్టాల మీదుగా నడిచే దారి అంటాను నేను. మీరేమంటారు?

కాజీపేట_గార్డు · శనివారం, రాత్రి 10:05

తమ్మీ, మంచి మాట ఎత్తినవు. నేను గూడ్స్ గార్డుగా చేసి రిటైర్ అయిన. యార్డులు ఎందుకు పడావు పడ్డయో ముందు చెప్పనియ్యి. లారీ ఒక్కటే కారణం కాదు.

ఒకప్పుడు వ్యాపారికి ఒక్క వ్యాగన్ సరుకుంటే ఒక్క వ్యాగనే బుక్ చేసుకునేటోడు. ప్రతి పెద్ద స్టేషన్‌ల షంటింగ్ చేసి వ్యాగన్లు విడదీసుడు, కలుపుడు. కాజీపేటలనైతే రాత్రంతా బఫర్లు కొట్టుకునే చప్పుడుకే మా పిల్లలు నిద్రపోయేటోళ్లు, చప్పుడు ఆగితేనే లేచి ఏడ్చేటోళ్లు. 1980ల నుంచి రైల్వే పూర్తి రేకుల పద్ధతికి మళ్లింది. రేకు అంటే ఒక్కటిగ కట్టిన వ్యాగన్ల వరుస. ఇంజన్ ఒక దిక్కు నుంచి తెచ్చిన రేకును అట్లనే ఇంకో దిక్కు దించాలె, నడుమ విడదీసుడు లేదు. ఇప్పటి బీసీఎన్‌హెచ్‌ఎల్ రేకు, అంటే పైకప్పున్న వ్యాగన్లది, 58 వ్యాగన్లు. ఇంజన్, బ్రేక్ వ్యాన్ కలిపితే 650 మీటర్లు దాటుతది. నిజాం కాలపు సైడింగుల, అంటే సరుకు దించే పక్క లైన్ల, ఇది పట్టదు. సగం చేసి పెట్టాలె, మళ్ల షంటింగ్, మళ్ల ఆలస్యం. అందుకే పొడుగాటి లైను వేయడానికి జాగా ఉన్న చోటికి పని పోతది.

ఇంకో మాట. గడ్డి మొలిచిన ప్రతి లైనూ పనికిరానిది కాదు. కాజీపేట నుంచి అటు బల్హార్షా దిక్కు, ఇటు విజయవాడ దిక్కు మూడో లైను పని ఉన్నది. రేపు నాలుగోది అంటరు. ఆ జాగా ఇప్పుడు ఫ్లాట్లకు ఇచ్చేస్తే, రేపు ఇళ్లు కూలగొట్టి పట్టాలు వేయాలె. రైల్వేకు ఎంత వెడల్పు కావాల్నో ముందే గీత గీసి, ఆ గీతకు బయటున్నదే ముచ్చట పెట్టాలె.

హంటర్_రోడ్ · శనివారం, రాత్రి 10:31

నేను ఇళ్లు కట్టే పనిలోనే ఉన్నాను, దాచేది లేదు. ఊరి నడుమ పది ఎకరాలు దొరకడమంటే మాటలు కాదు. హైదరాబాద్ రోడ్డు వెంట మైళ్ల కొద్దీ వెంచర్లు వేస్తున్నాం. జనం పొలాల్లో ప్లాట్లు కొని, బస్సు లేక బండ్ల మీద ఊళ్లోకి వస్తున్నారు. స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో అయిదంతస్తుల ఇళ్లు వస్తే వెయ్యి కుటుంబాలకు బండి అవసరం తగ్గుతుంది. పార్కు, మైదానం అంటూ సగం స్థలం వదిలేస్తే ఇంటి ధర రెట్టింపు పడుతుంది. అప్పుడు శివనగర్ వాళ్లు కాదు, బయటివాళ్లే కొంటారు. ఇల్లు కూడా జనం అవసరమే కదా.

సివిల్_ఏఈ · శనివారం, రాత్రి 11:20

హంటర్ రోడ్ గారు చెప్పిన దాంట్లో నిజముంది. ఇళ్లు ఊరి లోపలే రావాలి. కానీ ఆ నేల ఎట్లాంటిదో చూడకుండా ధర లెక్క కట్టకూడదు.

పాత యార్డులో పైన కనిపించేది మట్టి కాదు. ఆవిరి ఇంజన్ల కాలం నాటి బొగ్గు బూడిద, దాని మీద కంకర. డీజిల్ ఇంజన్లు నిలిచిన చోట నూనె అడుగుల లోతుకు ఇంకిపోతుంది. పాత చెక్క స్లీపర్లకు చెద పట్టకుండా క్రియోసోట్ పట్టించేవాళ్లు. అది బొగ్గు తారు నుంచి తీసే నూనె, చర్మానికి తగిలితేనే మంట. ఎరువులు దిగిన షెడ్డు చుట్టూ నేలంతా ఉప్పు పట్టి ఉంటుంది. అట్లాంటి చోట పునాది తవ్వి, అదే మట్టిని పిల్లలు ఆడుకునే చోట పరిస్తే ఎట్లా? గుంటలు తీసి నమూనాలు పరీక్ష చేయించి, చెడ్డ మట్టి ఎవరు ఎత్తిపోయాలి, ఎక్కడ పోయాలి అనేది వేలం కాగితంలోనే రాయాలి.

రెండోది నీళ్లు. నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. రైలు కట్ట అంటే ఊరికి అడ్డంగా కట్టిన ఆనకట్టే, తూములున్నంత మేరకే నీళ్లు దాటుతాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడిన ఫొటోలు అందరం చూశాం. ఊళ్లోనైతే 2020 ఆగస్టు, 2023 జూలై వరదలు ఎవరూ మరిచిపోలేదు. కంకర పరిచిన యార్డు ఇప్పుడు వానను తాగేస్తోంది. దాని మీద ఒక్కసారి కాంక్రీటు పోశామంటే, ఆ నీళ్లన్నీ పల్లంలో ఉన్న ఇళ్ల మీదికే వస్తాయి. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టిన ఊరు మనది. ఆ యార్డులో అన్నిటికంటే పల్లం చోటు వెతికి, ముందు కుంట తవ్వాలి. మిగతా రోజుల్లో పిల్లలు ఆడుకుంటారు, ముసురు పట్టిన మూడు రోజులు అది నీళ్లు పట్టుకుంటుంది.

ముఠామేస్త్రి_బిడ్డ · ఆదివారం, పొద్దున 6:48

రాత్రి నుంచి చదువుతున్న. అందరు నేల గురించి, నీళ్ల గురించి మంచిగ చెప్పిన్రు. ఆ నేల మీద బతికినోళ్ల గురించి ఇంకా ఎవ్వలు రాయలే. నేను రాస్త.

మా నాయిన ముఠా మేస్త్రి. మా ఊరు బల్హార్షా లైన్ల ఉన్నది, పేరెందుకు. రేకు ఎప్పుడొస్తదో తెల్వదు. పొద్దుమీకి పెట్టిన్రంటే తెల్లారేలోపు దించాలె, గంటలు దాటితే డెమరేజ్, అంటే ఆలస్యానికి జుర్మాన, పడతది. అది పడ్డదంటే ఏజెంటు కోపమంత ముఠా మీదనే. యూరియా బస్తా గప్పుడు 50 కిలోలు. 2018ల 45 చేసిన్రు. ఐదు కిలోలే గద నాయినా అంటే, “మెడకు తెలుస్తది బిడ్డా” అన్నడు.

వ్యాగన్ తలుపుకు, ప్లాట్‌ఫారానికి నడుమ టేకు చెక్క ఏసుకునేటోళ్లు. ఒక్కటే చెక్క, ఏండ్ల కొద్ది అదే. నడుమ సరిగ్గ పాదం పడే కాడ అరిగి గుంట పడ్డది. ఆ గుంటల చెయ్యి పెడితే నున్నగ, రోలు లెక్క ఉంటది. రేకు పోయినంక మా అమ్మ, ఇంకో పదిమంది ఆడోళ్లు నేల ఊడ్చి, కారిన బియ్యం చాటల చెరిగేది. రాళ్లు తీస్తె రెండు మూడు కిలోలు ఎల్లేది. షెడ్డు ఎనుక చింతచెట్టు కింద పంచుకునేటోళ్లు, ఎవ్వలకు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

పని వేరే స్టేషన్‌కు మార్చిన్నాడు ఒక్క కాగితం రాలే. పొద్దుగాల పోతే గేటుకు తాళం. కొత్త షెడ్డు కాడ అక్కడి ముఠా ఉన్నది, మావోళ్లను రానియ్యరు. వాళ్ల తప్పు కూడ లేదు. కాంట్రాక్టరు పైసలు బాకీ ఉన్నడు, ఇప్పటికి ఇయ్యలే. నలభై మందిల కొందరు ఆటో పట్టిన్రు, కొందరు హైదరాబాద్ పోయి వాచ్‌మెన్లు అయిన్రు. మా నాయిన ఇప్పటికి పొద్దున ఐదింటికి లేచి తలగుడ్డ చుట్టుకొని అరుగు మీద కూసుంటడు.

కొత్త పేట కట్టుండ్రి, వద్దంట లేను. కట్టేటప్పుడు ఆ నలభై మంది పేర్లు ముందు రాసుకోవాలె. అక్కడ దుకాణాలొస్తె వాళ్లకు ఇన్ని, ఇళ్లొస్తె ఇన్ని అని మొదటి కాగితంలనే ఉండాలె. తర్వాత సూద్దాం అన్నరంటే ఇగ లేనట్టే.

కాజీపేట_గార్డు · ఆదివారం, పొద్దున 7:30

బిడ్డా, నేను బ్రేక్ వ్యాన్‌ల కూసోని ఆ ముఠాలను ముప్పై ఏండ్లు చూసిన. రేకు ఆలస్యమైందని నేను కూడ కేకలేసిన రోజులున్నయి. నువ్వు చెప్పిన చెక్క మాట చదివినంక చాయ్ తాగబుద్ధి కాలేదు.

ఆజంజాహి_కాలనీ · ఆదివారం, పొద్దున 9:15

అక్క చెప్పిన “తర్వాత చూద్దాం” ఎట్లుంటుందో మా ఇంట్లో తెలుసు. మా తాత ఆజంజాహి మిల్లులో నేత విభాగంలో చేశాడు. 1934లో పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. ఆ స్థలంలో కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ‘ఓ సిటీ’ అనే లేఅవుట్ వేసింది. స్థలానికి మంచి ధర వచ్చింది. మిల్లు కార్మికులు మాత్రం ఇళ్ల స్థలాల కోసం ఏళ్ల తరబడి టెంట్లు వేసుకుని కూర్చున్నారు. ఆ టెంటుకు మా తాతకు సద్ది తీసుకుపోయింది నేనే. ఈ ఊళ్లో వేల మందికి అన్నం పెట్టిన మిల్లు అది. ఇవాళ అక్కడికి పోయి పిల్లలకు చూపిద్దామంటే మా తాత నిలబడి పని చేసిన గోడ ఒక్కటీ దొరకలేదు నాకు.

సెంట్రల్ జైలు కూడా అంతే. 1886 నాటి కట్టడం, 2021లో కొన్ని రోజుల్లో నేలమట్టం చేశారు. ఆ చోట ఆస్పత్రి రావడం మంచిదే, నేను కాదనను. కానీ ఒక్క బురుజు, ఖైదీలు తివాచీలు నేసిన ఒక్క షెడ్డు ఉంచితే ఆస్పత్రికి వచ్చిన నష్టమేంటి?

గూడ్స్ షెడ్డుకు పెద్ద అందమేమీ ఉండదు. ఇనుప కమ్మీలు, రేకుల కప్పు, ఎత్తైన అరుగు. కానీ ఎండకు, వానకు నిలబడే అంత పెద్ద నీడ ఊళ్లో ఇంకెక్కడుంది? కూలగొట్టకుండా ఉంచితే అదే కూరగాయల అంగడి, అదే పెళ్లి మండపం, అదే పిల్లలు చదువుకునే చోటు.

ఏనుమాముల_నుంచి_ఒసాకా · ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఒసాకాలో ఉంటున్నాను. ఇక్కడ స్టేషన్ పక్కనే ఉమెడా గూడ్స్ స్టేషన్ ఉండేది. 2013 మార్చి ఆఖరున మూశారు. అయితే ఆ పనిని సుయితాకు, ఊళ్లోనే ఇంకో గూడ్స్ స్టేషన్‌కు పంచి, అక్కడ ఏర్పాట్లన్నీ పూర్తయ్యాకే ఇక్కడ తాళం వేశారు. ముఠామేస్త్రి బిడ్డ గారి ఊళ్లో జరిగింది ఇందుకు పూర్తిగా తలకిందులు.

తర్వాత కూడా తొందరపడలేదు. యార్డు మీదుగా పోయే లైనును భూమి కిందికి దించి, 2023 మార్చిలో అక్కడే కొత్త ప్లాట్‌ఫారాలు తెరిచారు. దాంతో పైన నేల ఒక్క ముక్కగా కలిసింది. 2024 సెప్టెంబర్‌లో నడుమ పార్కులో మొదటి భాగం తెరిచారు, పార్కు మొత్తం 4.5 హెక్టార్లు, అంటే మన లెక్కలో 11 ఎకరాలు. జపాన్‌లో బాగా ఖరీదైన నేలల్లో అదొకటి, అయినా నడిబొడ్డున గడ్డి వేశారు. సాయంత్రం మా ఆవిడ, నేను అక్కడే నడుస్తాం. చుట్టూ ఉన్న టవర్లలో ఇళ్ల ధరలు మాత్రం మాలాంటి వాళ్లు అడగను కూడా అడగలేరు.

మండిబజార్ · ఆదివారం, మధ్యాహ్నం 1:55

ధాన్యం వ్యాపారం మాది, మూడు తరాలుగా. కొత్త పేట అంటే అందరూ కాఫీ దుకాణాలే అనుకుంటారు. మాకు ఊరి లోపల చిన్న చిన్న గోదాములు కావాలి. పెద్ద లారీ ఊరి బయట ఆగి, అక్కడి నుంచి ట్రాలీ ఆటోల్లో సరుకు వస్తోంది. ఆ ట్రాలీలు దింపుకునే చోటు లేకే బజారు రోడ్లు జామ్ అవుతున్నాయి. షెడ్డులో సగం దానికి ఇవ్వండి. ఆ అక్క వాళ్ల నాయన లాంటి మనుషులకు పని కూడా అక్కడే ఉంటుంది. సరుకు దించడం వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

శివనగర్_వాసి · ఆదివారం, సాయంత్రం 5:20

అందరికీ దండాలు. నిన్న నేను దారి ఒక్కటే అన్నాను, ఇప్పుడు నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. దారి, కుంట, ముఠా వాళ్ల పేర్లు. ఈ మూడూ కాగితం మీదికి ఎక్కాకే వేలం.

హంటర్ రోడ్ గారూ, పార్కు వదిలితే ఇంటి ధర పెరుగుతుందన్నారు. పారిస్‌లో బాటిన్యోల్ అనే గూడ్స్ యార్డు ఉండేది. మొదట 2012 ఒలింపిక్స్ క్రీడాకారుల ఇళ్లకు దాన్ని అనుకున్నారు. ఆటలు లండన్‌కు పోయాయి. అయినా అనుకున్న పేటను వదల్లేదు, 2007లోనే పార్కు మొదటి భాగం తెరిచి, చుట్టూ ఇళ్లు తర్వాత కట్టుకుంటూ వచ్చారు. ఆ ఇళ్లలో సగం తక్కువ అద్దెకు ఇచ్చేవి. అంటే ధర పెంచేది పార్కు కాదు. స్థలాన్ని ఎవరికి, ఏ షరతు మీద ఇచ్చామన్నదే ధరను తేలుస్తుంది. మన దగ్గర రైల్వే స్థలాన్ని రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ వేలం వేస్తుంది, ఇళ్లకైతే 99 ఏళ్ల లీజు. ఎక్కువ పాడినవాళ్లకే అంటే, ఆ పాట సొమ్మును మళ్లీ ఇల్లు కొనేవాళ్ల దగ్గరే రాబట్టుకుంటారు. షరతులు ముందే ఉంటే పాట కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వాలి.

లండన్‌లో నాకు నచ్చనిదీ చెప్పాలి. ఆ మైదానం, వీధులు చూడ్డానికి జనానివే, కానీ ప్రైవేటు ఆస్తి. అక్కడి కెమెరాలు మనుషుల ముఖాలు గుర్తుపట్టే పద్ధతిలో నడిచాయని 2019లో బయటపడి పెద్ద గొడవైంది. వీధి కార్పొరేషన్‌దే అయి ఉండాలి. బఠానీలు అమ్మే బండిని “లోపలికి రావద్దు” అనే హక్కు ఏ సెక్యూరిటీ గార్డుకూ ఉండకూడదు.

హంటర్_రోడ్ · ఆదివారం, సాయంత్రం 6:02

షరతు ముందే రాసి ఉంటే నాలాంటి వాళ్లకు కూడా నయమే. పాట పాడాక మధ్యలో మార్పులు వస్తేనే మేము మునుగుతాం. మట్టి పరీక్ష రిపోర్టు కూడా వేలానికి ముందే చేతికి రావాలి. ఏఈ గారు చెప్పేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు.

సివిల్_ఏఈ · ఆదివారం, సాయంత్రం 6:45

ఒక చిక్కు మిగిలింది. దారి అంటున్నాం, సరే. స్టేషన్ పొడుగూతా ఎక్కడ దాటించాలి? స్టేషన్‌లోని వంతెన మీదికి టికెట్ లేకుండా పోలేం. కొత్త నడక వంతెనకు రైల్వే ఒకటి, మహా అయితే రెండు చోట్లే ఒప్పుకుంటుంది. చోటు తప్పితే మెట్లెక్కేవాళ్లు ఉండరు, మళ్లీ పట్టాల మీంచే దాటుతారు.

ముఠామేస్త్రి_బిడ్డ · ఆదివారం, రాత్రి 8:10

సార్, దానికి సర్వే ఎందుకు. ప్రతి యార్డు గోడకు ఒక కన్నం ఉంటది. మా ఊళ్ల షెడ్డు ఎనుక గోడకు రెండు రాళ్లు ఊడదీసిన జాగ ఉండె. మా అమ్మ సద్దిగిన్న నెత్తి మీద పెట్టుకొని ఆడికెళ్లే వంగి లోపలికొచ్చేది. రైల్వేవాళ్లు మూడు సార్లు సిమెంటు పెట్టి మూసిన్రు, మూడు సార్లు మళ్ల తెరుచుకున్నది. అంచు రాళ్లు చీర కొంగులు రాసుకొని నున్నగైనయి. జనం ఏడికెళ్లి నడుస్తరో ఆ కన్నమే చెప్తది.

శివనగర్_వాసి · ఆదివారం, రాత్రి 8:34

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి శివనగర్ వైపు గోడ వెంట నడుస్తాను. కనిపించిన ప్రతి కన్నాన్నీ ఫొటో తీసి మ్యాపు మీద గుర్తు పెడతాను. పట్టాల మీదికి పోను, గోడకు ఇవతలే. ఎవరైనా వస్తారా?

కాజీపేట_గార్డు · ఆదివారం, రాత్రి 8:41

నేను వస్త. అవతలి వైపు గోడ నాకు అప్పజెప్పు.

ముఠామేస్త్రి_బిడ్డ · ఆదివారం, రాత్రి 9:03

మా నాయినను తోలుకొని వస్త. పొద్దున ఐదింటికే తయారుంటడు.